నాన్నతో హచియోజి కొండకోటకు

నవంబర్ ఆఖర్లో నాన్న టోక్యో వచ్చారు. చిలకలూరిపేట దగ్గర హైస్కూల్లో 30 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన మనిషి. నిషికసాయ్‌లో మా ఇంటి నుంచి తేలిగ్గా వెళ్లి రాగలిగినవన్నీ మొదటి వారంలోనే చూపించేశాను. అసకుసా గుడి బాగుందన్నారు గానీ, పెద్ద మండపం యుద్ధంలో కాలిపోతే 1958లో కాంక్రీటుతో మళ్లీ కట్టారని తెలిశాక ఆయన ఉత్సాహం కాస్త తగ్గింది. ఆ రాత్రి అన్నం తింటూ అడిగారు.

"అమ్మా, మనుషులు నిజంగా కాపలా కాసిన కోట, నిజంగా పోరాడిన కోట ఒకటి చూపించు. మళ్లీ కట్టింది వద్దు."

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. శనివారం వస్తే చాలు, పాత కొండకోటలు ఎక్కుతూ ఉంటారు. ఆయన్ని అడిగితే క్షణం కూడా ఆలోచించకుండా హచియోజి కోట అన్నారు. టోక్యో పడమటి అంచున ఉంది, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు, పైగా ఇదే సరైన కాలం అన్నారు. కొండకోటలు చూసేవాళ్లు ఎండాకాలం వెళ్లరట. ఆకులు రాలాక గానీ నేల ఎత్తుపల్లాలు కనపడవు. చలికి పాములు, కందిరీగల బెడద కూడా ఉండదు. చివర్లో ఒక మాట మాత్రం గట్టిగా చెప్పారు. "అక్కడ కోట ఉండదు. ఆ సంగతి మీ నాన్నగారికి ముందే చెప్పండి."

చెప్పాను. నాన్న నవ్వి, "మన కొండవీడులో మాత్రం ఏం మిగిలింది? అయినా ఎన్నిసార్లు ఎక్కలేదూ" అన్నారు.

ఆయన చెప్పులతో వచ్చారు కాబట్టి ముందు రోజు పట్టు ఉన్న బూట్లు కొన్నాం. ఎలుగుబంట్లు తిరిగే కొండలు కాబట్టి సంచికి కట్టుకునే చిన్న గంట కూడా తీసుకున్నాం. ఆదివారం తెల్లవారుజామున లేచి పులిహోర కలిపాను. తోజాయ్ లైన్ ఎక్కి మితకాలో చువో లైన్‌కు మారితే ఆఖరి స్టేషన్లలో ఒకటి తకావో. ఇంటి నుంచి అన్నీ కలిపి రెండు గంటల లోపే. ఆ రైల్లో సగం మంది కొండెక్కే బట్టల్లోనే ఉన్నారు గానీ, వాళ్లంతా తకావో పర్వతానికి వెళ్లేవాళ్లు. స్టేషన్ ఉత్తర ద్వారం బయట మా బస్సు కోసం నిలబడ్డది తొమ్మిది మంది.

ఆ ఉత్తర ద్వారం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. గుడి గోపురంలాంటి కప్పున్న చెక్క భవనం అది. 1927లో తైషో చక్రవర్తి అంత్యక్రియల కోసం షింజుకు తోటలో కట్టిన తాత్కాలిక స్టేషన్‌ను విప్పి, ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. నాన్న దాని దూలాల్ని చేత్తో తడిమి చూస్తూ ఉంటే బస్సు వచ్చేసింది. శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో బస్సు కోట మొదలు దాకా వెళ్తుంది. మామూలు రోజుల్లో శ్మశానవాటిక స్టాపులో దిగి ఇరవై నిమిషాలు నడవాలి.

దిగగానే ఒక చిన్న సమాచార కేంద్రం ఉంది. అక్కడ ఉచితంగా వివరించే వాలంటీర్లు ఉంటారు. మాకు దొరికినాయన వయసు డెబ్బై దాటి ఉంటుంది. నాన్న రిటైరైన చరిత్ర టీచర్ అని చెప్పగానే ఆయన వంగి నమస్కరించి, నన్ను మధ్యలో కూర్చోబెట్టి, గోడ మీదున్న కొండ నమూనా ముందు పాఠం మొదలుపెట్టారు. నేను ఆపకుండా తెలుగులోకి చెప్తూ పోయాను.

మొదట ఆయన వేలితో గాల్లో ఒక అక్షరం రాశారు. జపనీస్‌లో కోటకు 'షిరో' అని రాసే అక్షరంలో ఎడమవైపు ముక్కకు అర్థం 'మట్టి'. కుడివైపు ముక్కకు అర్థం 'అవడం'. "మీరు ఫొటోల్లో చూసే తెల్లగోడల కోటలు తర్వాతి కాలానివి. అంతకు ముందు వందల ఏళ్లు కోట అంటే ఇదే. కొండను తవ్వడం, ఆ మట్టిని పక్కన పోయడం. రాళ్లు, భవనాలు ఆ తర్వాత" అన్నారు. నాన్న వెంటనే, "ఓరుగల్లులో రాతికోట చుట్టూ మట్టికోట ఉందని చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. ఆయన ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నారు.

ఇక కథ. 16వ శతాబ్దంలో ఇప్పటి టోక్యో చుట్టూ ఉన్న కాంతో ప్రాంతంలో చాలా భాగం హోజో వంశం చేతిలో ఉండేది. వాళ్ల రాజధాని ఒదవారా. వంశాధిపతి ఉజిమసకు తమ్ముడు ఉజితెరు ఈ పడమటి సరిహద్దు చూసుకునేవాడు. 1569లో పొరుగు ప్రభువు తకెదా షింగెన్ సైన్యం వచ్చి ఆయన ఉండే తకియామా కోటను దాదాపు పట్టుకున్నంత పని చేసింది. తక్కువ ఎత్తు గుట్ట మీది కోట ఇక లాభం లేదని ఉజితెరుకు అర్థమైంది. అందుకే 1580ల్లో ఈ 446 మీటర్ల నిటారు కొండను ఎంచుకున్నాడు. కింద లోయలో నివాసం, పైన యుద్ధకాలపు కోట. గట్టు పొడవునా మెట్లు మెట్లుగా చదును చేసిన నేలలు, వాటి మధ్య కందకాలు. పని పూర్తిగా ముగియకముందే 1590 వచ్చింది. జపాన్‌నంతా తన కిందికి తెచ్చుకుంటున్న తొయొతొమి హిదెయోషి దేశంలో మిగిలిన ఆఖరి పెద్ద శత్రువు హోజో మీదికి బయల్దేరాడు.

"ఉజితెరు తన ముఖ్యమైన సైన్యాన్ని తీసుకుని ఒదవారాకు వెళ్లిపోయాడు. అన్న పక్కన ఉండాలి కదా" అని పెద్దాయన ఆగారు. "ఇక్కడ మిగిలింది కొందరు సామంతులు, చుట్టుపక్కల రైతులు, వడ్రంగులు, కమ్మరులు, సన్యాసులు, ఆడవాళ్లు, పిల్లలు. మొత్తం 3,000 మంది దాకా అంటారు. వచ్చినవాళ్లు 15,000."

హిదెయోషి తరఫున మయేదా తోషీయే, ఉయెసుగి కగెకత్సు నడిపించిన ఉత్తర సైన్యం అది. చాంద్రమాన లెక్కన ఆరో నెల 23వ తేదీ, ఇప్పటి క్యాలెండర్‌లో జూలై 24. తెల్లవారకముందే దాడి మొదలైంది. ఆ ఒక్క రోజుతోనే అంతా ముగిసింది.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, "పద, పైకి వెళ్దాం" అన్నారు.

దారి ఒక చెక్క తోరణం కింద మొదలవుతుంది. దేవదారు చెట్ల మధ్య పొడి మట్టి, వేళ్లు, రాళ్లు. మామూలుగా నలభై నిమిషాలు అంటారు. నాన్న మోకాళ్లతో మాకు గంటకు పైనే పట్టింది. తొందరేం లేదు. పైగా నెమ్మదిగా నడవడమే మేలయింది. మొదటి పావుగంట నాకు అడవి తప్ప ఏమీ కనపడలేదు. నాన్నకే ముందు కనపడింది. కర్రతో చూపిస్తూ, "ఇక్కడ నేల చూడు. కొండ మీద ఇంత చదును దానంతటదే రాదు" అన్నారు.

నిజమే. కొండ భుజాన్ని చెక్కేసి చేసిన అరుగులాంటి నేల. దాని అంచు కత్తితో కోసినట్టు కిందికి దిగింది. దాని కింద మరో అరుగు. దాన్ని ఒకసారి గుర్తుపట్టాక ఇక కళ్లు ఆగలేదు. చెట్ల వెనక, మలుపుల్లో, ఎటు చూసినా మనిషి చేసిన గీతలే. ఈ అరుగుల్ని 'కురువా' అంటారు. దారి ఎప్పుడూ అరుగు కింది నుంచే పోతుంది. అంటే పైకొచ్చేవాడి తల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ఒకచోట దారి మరీ ఇరుకై, ఒక పక్క గోడలా చరియ, మరో పక్క లోయ. అక్కడ ఆగి పైకి చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. నాలుగు వందల ముప్పై ఏళ్ల కిందట ఇదే ఇరుకులో మనుషులు కిక్కిరిసి, పైనుంచి రాళ్లు, బాణాలు పడుతుంటే ఎక్కారు. పైన ఉన్నవాళ్లలో చాలామంది ఆయుధం పట్టడం నేర్చుకున్నవాళ్లు కాదు.

శిఖరానికి కొంచెం ముందు చెట్లు తెరుచుకుంటాయి. ఆ రోజు గాలి శుభ్రంగా ఉంది. కింద హచియోజి నగరం, దాని వెనక కాంతో మైదానమంతా పరుచుకుని, దూరంగా షింజుకు భవనాల గుంపు కనపడింది. బయటివాళ్లు ఏ వైపు నుంచి వచ్చినా ఇక్కడి నుంచి తెలుస్తుంది. ఈ చోటును ఎందుకు ఎంచుకున్నారో ఇక వేరే చెప్పాల్సిన పని లేదు. అయితే ఆ తెల్లవారుజామున కొండంతా పొగమంచు ఉందని చెప్తారు.

పక్కనే చిన్న గుడి ఉంది. దాని పేరే హచియోజి. 'ఎనిమిది మంది రాజకుమారులు' అని అర్థం. 10వ శతాబ్దంలో ఒక సన్యాసి ఈ కొండ మీద తపస్సు చేస్తుంటే గోజు తెన్నో అనే దేవుడు తన ఎనిమిది మంది కొడుకులతో కనిపించాడని స్థలపురాణం. గుడి పేరు కోటకు, కోట పేరు ఊరికి వచ్చాయి. ఈ గోజు తెన్నోను జపాన్ సంప్రదాయం 'గియోన్ షోజా'కు కాపలా దేవుడిగా చెప్పుకుంటుంది. గియోన్ షోజా అంటే శ్రావస్తిలోని జేతవన విహారం. ఆ మాట చెప్పగానే నాన్న కళ్లు పెద్దవయ్యాయి. అనాథపిండికుడు నేలంతా బంగారు నాణేలు పరిచి కొన్న తోట కథను ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు చెప్పారో. బూట్లు విప్పి, గుడి ముందు నిలబడి చేతులు జోడించారు.

అసలు శిఖరం, అంటే కోటలో ముఖ్యమైన నేల, చాలా చిన్నది. ఒక పెద్ద ఇంటి పెరడంత ఉంటుంది. పెద్ద భవనం పట్టే చోటు కాదు. చుట్టూ మత్సుకి కురువా, కొమియా కురువా అని మరో రెండు ముఖ్యమైన నేలలు. కొమియా వైపు వెనకదారి గుండా ఉయెసుగి మనుషులు హఠాత్తుగా మీద పడడంతో పైకోట నిలవలేకపోయిందని చెప్తారు. మత్సుకి నేల మీద బల్లలున్నాయి. అక్కడే పులిహోర తిన్నాం. పక్క బల్ల దగ్గర ఒక జంట చెట్ల కిందికి పదే పదే వంగి చూస్తూ, నిట్టనిలువు కందకం ఒకటి దొరికిందని సంబరపడుతున్నారు. ముందు రోజైతే వాళ్ల సంతోషం నాకు అర్థమయ్యేది కాదు.

ఎక్కువమంది ఇక్కడి నుంచే దిగిపోతారు. మా ఆఫీసు పెద్దాయన మాత్రం ఇంకో పావుగంట వెనక్కి నడవమన్నారు. దయచేసి మీరూ నడవండి. నాకు ఆ రోజు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండిపోయింది అదే. గట్టు మీద పడమటికి వెళ్తే ఒకచోట కొండ వెన్ను ఉన్నట్టుండి తెగిపోతుంది. శత్రువు వెనకనుంచి రాకుండా గట్టును అడ్డంగా నరికేశారు. మట్టి కాదు, రాయి. సుత్తులు, ఉలులతో ఆ రాతిని తొలిచి ఇంత లోతు కందకం చేశారంటే అందులోకి దిగి నిలబడితే గానీ నమ్మబుద్ధి కాదు. రెండు వైపులా రాతి ముఖం నిలువుగా లేచి ఉంది. నాన్న రాతి మీద అరచెయ్యి ఆనించి, "ఇది ఎవరు కొట్టారమ్మా? వాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?" అన్నారు. పెద్ద పెద్ద యజమానుల పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఈ రాయి కొట్టినవాళ్లే ఆ జూలైలో పైన నిలబడి ఉండొచ్చు కూడా.

అక్కడే పొరపాటు జరిగింది. కందకం దాటి, దారి చుట్టూ తిరిగి కిందికి కలుస్తుందనుకుని ముందుకే నడిచాను. ఫోన్‌లో సిగ్నల్ పోయింది. పదిహేను నిమిషాలు గడిచాక నాన్న ఆగారు. "పొద్దున ఎక్కేటప్పుడు ఎండ వీపుకు తగిలింది. ఇప్పుడు మనం వెనక్కి వెళ్తుంటే సాయంత్రపు ఎండ కూడా వీపుకే తగలాలి. ముఖానికి కొడుతోందేం?" అన్నారు. ఇంకాస్త ముందుకెళ్తే ఫుజిమిదాయ్ అనే మరో శిఖరానికి దారి చూపే బోర్డు కనపడింది. మేం కోటను వదిలేసి వేరే కొండల వైపు పోతున్నాం. నవంబర్ ఆఖర్లో నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు, చెట్ల కింద అంతకంటే ముందే చీకటి. నాకు టెన్షన్ మొదలైంది. వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. దిగేటప్పుడు ఎండాకుల కింద తడి మట్టి. నేను ఒకసారి జారి మోకాలు గీరుకుంది. నాన్న నా మోచెయ్యి పట్టుకుని మిగిలిన దారంతా ముందు నడిచారు. వెళ్లేవాళ్లు కాగితం మ్యాప్ తీసుకోండి, మధ్యాహ్నం రెండు దాటితే వెనక వైపు వెళ్లకండి.

కిందికి చేరేసరికి మూడు దాటింది. ఇంకా లోయలోని నివాసం చూడాలి. దీన్ని గోషుదెన్ అంటారు. అడవి దారిన వెళ్తే ఒక చెక్క వంతెన వస్తుంది. అది ఈ కాలంలో కట్టిందే. అసలుది శత్రువు వస్తే పీకి పారేసేందుకు వీలుగా ఉండేదట. వంతెన దాటగానే వెడల్పైన రాతిమెట్లు, రెండు వైపులా రాతిగోడ. ఒక్కసారిగా తిన్నగా పోనివ్వదు, మలుపు తిప్పుతుంది. మన కోట ద్వారాల్లో కూడా అదే పద్ధతి కదా, ఏనుగులు ఊపుతో వచ్చి తలుపు గుద్దకుండా. ఈ మెట్లలో చాలా రాళ్లు తవ్వకాల్లో ఉన్నచోటే దొరికినవి. ఉజితెరు ఎక్కిన రాళ్ల మీదే మనమూ ఎక్కుతాం.

పైన పెద్ద మైదానం. భవనాలు నిలిచిన చోట నేల మీద గుర్తులు పెట్టారు. విందులు జరిగిన సభామందిరం ఎంత ఉండేదో చెక్కనేలతో చూపించారు. ఇక్కడ తవ్వితే 70,000కు పైగా వస్తువులు బయటపడ్డాయి. చైనా నుంచి వచ్చిన నీలిపూల పింగాణీ కుప్పలుగా దొరికింది. వెనిస్‌లో చేసిన, తెల్లదారం అల్లినట్టుండే గాజుపాత్ర ముక్కలు కూడా దొరికాయి. ఇంత మారుమూల కొండలోయలో ఇటలీ గాజు! సముద్రాలు దాటి వచ్చిన ఆ పాత్రను ఎవరో చేతుల్లో అపురూపంగా తిప్పి చూసుకుని ఉంటారు. అది ఆ ఒక్క రోజులో ముక్కలై మట్టిలో కలిసింది.

మైదానం చివర ఒక బాట కిందికి దిగుతుంది. అక్కడ గోషుదెన్ జలపాతం. జలపాతం అంటే పెద్దదేం కాదు. మా ఎత్తుకు కొంచెం పైనుంచి సన్నటి ధార రాళ్ల మీద పడుతోంది. ఆ రోజు కోట చేజారిందని తెలిశాక నివాసంలోని ఆడవాళ్లు, కాపలా వాళ్లు ఇక్కడ కత్తితో పొడుచుకుని నీళ్లలోకి దూకేశారని, కింద ప్రవహించే షిరోయామా నది మూడు పగళ్లు, మూడు రాత్రులు ఎర్రగా పారిందని చెప్తారు. ఆ నీళ్లతో అన్నం వండితే అన్నం ఎర్రబడిందట. అందుకని ఊరివాళ్లు ఆ రోజు వస్తే ఎర్ర అజుకి గింజల నీళ్లతో అన్నం వండి, చనిపోయినవాళ్లకు పెట్టేవారు. దాన్ని 'అకమన్మా' అంటారు. జపాన్‌లో పుట్టినరోజులకు, శుభకార్యాలకు వండేది కూడా ఇలాంటి ఎర్రన్నమే. ఇక్కడ మాత్రం అది పెద్దలకు పెట్టే ముద్ద.

జలపాతం పక్కన చనిపోయినవాళ్ల కోసం నిలబెట్టిన చెక్కపలకలు ఉన్నాయి. ఎవరో కొత్తగా పూలు పెట్టి వెళ్లారు. ఈ చోటు గురించి ఇంటర్నెట్లో దెయ్యాల కథలు చాలా ఉన్నాయి, రాత్రిపూట కెమెరాలతో వచ్చేవాళ్లూ ఉన్నారు. నాకు అది బాధనిపించింది. అక్కడ నిలబడితే భయం కలగలేదు. నీళ్ల చప్పుడు, చలి, రాలిన ఆకులు. తన బలగాన్ని వేరేచోటికి తీసుకెళ్లిన యజమాని కోసం ఇక్కడ ఎదురుచూసిన జనం. ఉజితెరు తిరిగి రాలేదు. ఈ కోట పడిపోయాక రెండు వారాల లోపే ఒదవారా లొంగిపోయింది. తమ కడుపు తామే కోసుకుని చనిపోవాలని అన్నదమ్ములిద్దరికీ హిదెయోషి శిక్ష వేశాడు.

ఆ తర్వాత కాంతో హిదెయోషి పక్షంలోని మరో ప్రభువు తొకుగావా ఇయెయసు చేతికి వచ్చింది. ఈ కోటను ఎవరూ మళ్లీ వాడలేదు. ఊరు ఇప్పుడున్న హచియోజికి తరలిపోయింది. కొండ ప్రభుత్వ అడవిగా మారి, జనం అడుగు పెట్టకుండా ఉండడం వల్లే ఆ అరుగులు, కందకాలు ఇంత చక్కగా మిగిలాయి. 1951లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

సమాచార కేంద్రం మూసే వేళకు వెళ్లి పెద్దాయనకు చెప్పి వద్దామనుకున్నాం. ఆయన బయటే నిలబడి ఉన్నారు, మేం ఇంకా దిగలేదని చూస్తూ. నా మోకాలు చూసి లోపలికి తీసుకెళ్లి ప్లాస్టర్ ఇచ్చారు. నాన్న ఆయన్ని ఒక్కటే అడిగారు. ఇప్పటికీ ఎవరైనా ఆ ఎర్రన్నం వండుతారా అని. "మా అమ్మ వండేది" అన్నారు ఆయన.

బస్సు బయల్దేరేసరికి చీకటి పడింది. రోడ్డు పక్కనే చాలా దూరం షిరోయామా నది వస్తుంది. కిటికీ వైపు సీటు నాన్నకిచ్చాను. వీధి దీపాల కింద నీళ్లు ఒక్కో చోట మెరిసి మాయమవుతుంటే, చివరి వంతెన దాటే దాకా ఆయన అటే చూస్తూ కూర్చున్నారు.